పండుగలు పోయిన రాజ్యం

అనగా అనగా తూర్పు దిక్కున, సూర్యుడు అందరికంటే ముందు లేచే చోట, చీనా దేశం. ఆ దేశానికి ఒక రాజు. రాజుకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడి పేరు యున్‌షెన్.

ఆ దేశంలో ఏడాది పొడుగునా పండుగలే. చలి వెనకపట్టు పట్టగానే కొత్త సంవత్సరం: ఇంటింటా ఎర్రదీపాలు, వీధివీధినా సింహపు ఆటలు. వసంతంలో పెద్దల పండుగ: కొండెక్కి సమాధులు ఊడ్చి, అగరువత్తులు వెలిగించి, అన్నం పెట్టేవారు. ఎండాకాలం డ్రాగన్ పడవల పందేలు. పంటలు ఇంటికొచ్చే వేళకు చందమామ పండుగ.

ఒక చలికాలం మహారాణి కన్నుమూసింది. కొండమీద సమాధి కట్టారు. యున్‌షెన్ ఆ పచ్చిమట్టిని తాకి, "వసంతంలో వస్తానమ్మా" అన్నాడు.

ఆ వసంతం రాకముందే ఏడు సముద్రాల అవతలి నుంచి హెయ్‌ఫెంగ్ అనే మాంత్రికుడు నల్లగాలిలా వచ్చి, పండుగలన్నీ మూటగట్టుకుపోయాడు. బంగారం ముట్టలేదు, ధాన్యం ముట్టలేదు. మనుషుల మనసుల్లోంచి పండుగలను, వాటితో ముడిపడిన తలపులను మాత్రం తుడిచేశాడు. అప్పట్నించీ ఏ రోజు చూసినా ఒక్కలాంటిదే. దూరాన ఉన్న కొడుకులు ఇంటికి రావడం మానేశారు. తల్లులు గుమ్మంలో నిలబడి ఎదురుచూడడం మానేశారు. సమాధులమీద గడ్డి మోకాలెత్తు లేచింది.

ఒక వసంతం అలాగే పోయి, మరో వసంతం వచ్చింది. యున్‌షెన్ గుండెలో ఏదో కలుక్కుమంటోంది.

"నాన్నగారూ, ఇవాళ మనం ఏదో చెయ్యాలి కదూ?" అని రాజునడిగాడు.

"తిన్నాం, పడుకుంటాం. ఇంకేం చెయ్యాలి?" అన్నాడు రాజు.

పెద్దన్ననడిగాడు, అదే మాట. చిన్నన్ననడిగాడు, అదే మాట. దిగులుతో యున్‌షెన్ ఏటి ఒడ్డుకు పోయి కూర్చున్నాడు.

నీళ్లలోంచి ఒక గండుచేప తల పైకెత్తింది. "రాజకుమారా! ఏటేటా పడవల పండుగకు ఆకుల్లో చుట్టి అన్నం విసిరేవారే, పోయిన ఏడు ఒక్క డప్పు కూడా మోగలేదేం?"

"ఏం పండుగ?" అన్నాడతను.

చేప జాలిగా చూసి హెయ్‌ఫెంగ్ సంగతంతా చెప్పింది. "వాడు మనుషుల మనసులే దోచాడు. మా మనసుల జోలికి రాలేదు. ఎక్కు నా వీపు!"

గండుచేప మూడు సముద్రాలు దాటించింది. అక్కడ ఒక అడవిబాతు ఎదురైంది. "చందమామ పండుగనాడు మీరంతా తలలెత్తి ఆకాశం చూసేవారు. నేను ఎగురుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు లేక ఆకాశం బోసిపోయింది" అని అతన్ని ఎక్కించుకుని మరో మూడు సముద్రాలు దాటించింది. ఏడో సముద్రంమీద ఒకటే మంచు. ఒక వానకోవిల పిట్ట ముందు ఎగురుతూ బాతుకు దారి చూపింది.

ఆ పిట్ట అంది: "నేను మీ అమ్మ సమాధిమీద వాలి వచ్చాను. గడ్డి కమ్మేసి ఆమె పేరు కనబడట్లేదు."

"అమ్మకు సమాధి ఉందా?" అన్నాడు యున్‌షెన్. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని తెలిసి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఏడో సముద్రం అవతలి దీవిలో మాంత్రికుడి ఇనుపకోట. అక్కడ బందీగా ఉన్న జాలరి కూతురు లాన్‌యింగ్ పంజరంలో చిలకకు గింజలు పెడుతోంది. యున్‌షెన్ తానెవరో, ఎందుకొచ్చాడో చెప్పాడు.

"ఒకసారి ఈ చిలక ముద్ద ముట్టలేదు. ఆ పూటే వాడు మంచం పట్టాడు. వాడి ప్రాణం దీంట్లోనే ఉంది" అందామె. "కాని పంజరం తాళంచెవి వాడి మెడలోనే ఉంటుంది."

"అయితే ఇవాళ దీనికి తిండి పెట్టకు."

ఆమె పెట్టలేదు. పొద్దు తిరిగేసరికి హెయ్‌ఫెంగ్ గోడ పట్టుకుని తూలుతూ వచ్చి, తానే దాని నోట్లో మేత పెడదామని పంజరం తాళం తీశాడు. తలుపు చాటునున్న యున్‌షెన్ చటుక్కున చిలకను పట్టేశాడు. మాంత్రికుడు కుప్పకూలాడు.

"మా పండుగలు మాకివ్వు!"

హెయ్‌ఫెంగ్ మూట విప్పాడు. యున్‌షెన్ మనసులోకి ఎర్రదీపాలు వచ్చాయి, డప్పులు వచ్చాయి, నిండు చందమామ వచ్చాడు. ఆ వెనకే అమ్మ సమాధి, ఆ పచ్చిమట్టి వచ్చాయి.

"ఎందుకు చేశావీ పని?"

"మా అమ్మ ఏ దారిలో పడిపోయిందో, ఎవరు పూడ్చారో తెలీదు. నేనప్పుడు పసివాణ్ణి. ప్రతి వసంతం మీరంతా కొండెక్కడం మంత్రదృష్టితో చూస్తే కడుపు రగిలిపోయేది. నాకు లేని పండుగ మీకెందుకనుకున్నాను. చంపెయ్యి, నాకోసం ఏడ్చేవాళ్లెవరూ లేరు."

చేతిలో చిలక గుండె టకటకా కొట్టుకుంటోంది.

"అమ్మను మరిచిపోతే ఎలా ఉంటుందో నాకు తెలిసొచ్చింది" అన్నాడు యున్‌షెన్. చిలకను అతని ఒడిలో పెట్టాడు. "వసంతంలో మా కొండకు రా. మా అమ్మ పక్కనే మీ అమ్మకో రాయి నిలుపుదాం."

హెయ్‌ఫెంగ్ మొహం కప్పుకున్నాడు. మంత్రదండాన్ని తానే విరిచి సముద్రంలో పారేశాడు.

యున్‌షెన్ లాన్‌యింగ్‌తో తిరిగొచ్చేసరికి రాజూ అన్నలూ కొండమీద గడ్డి పీకుతూ కనిపించారు. ముగ్గురి కళ్లూ తడిగా ఉన్నాయి. తండ్రి తన చేతి చీపురు కొడుక్కి అందించాడు.

మరుసటి వసంతంలో భుజాన చిలకతో ఒక ముసలివాడు కొండెక్కి వచ్చాడు. పేరు లేని రాయి ముందు అన్నం పెట్టి, పసివాడిలా ఏడ్చాడు. ఆ ఏడు చందమామ పండుగనాడు యున్‌షెన్‌కూ లాన్‌యింగ్‌కూ పెళ్లి జరిగింది. అన్నలిద్దరూ కోరగా యున్‌షెనే రాజై, తల నెరిసేదాకా చల్లగా ఏలాడు. అతని ఏలుబడిలో ఒక్కటే కొత్త కట్టడి: పెద్దల పండుగనాడు ఎవరైనా సరే, దిక్కులేని సమాధి ఒకటి ఊడ్చాకే తమవాళ్ల సమాధి దగ్గరికి వెళ్లాలి.