డీఎన్‌ఏకి ఎండదెబ్బ

కౌండిన్య చేసిన ప్రోటీన్ పనిచేయడం లేదు.

మనిషి కణాల్లో డీఎన్‌ఏకి దెబ్బ తగిలితే, ఆ చోటు వెతికి పట్టుకుని కత్తిరించి మరమ్మతు మొదలుపెట్టే ప్రోటీన్ అది. దాని జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి, పెంచి, శుద్ధి చేసి సీసాకెత్తాడు. గుంటూరులోని ఆ పరిశోధనశాలలో అంత శుభ్రంగా పనిచేసేవాడు మరొకడు లేడని అందరూ ఒప్పుకుంటారు. అందరికంటే ముందు అతనే ఒప్పుకుంటాడు.

కానీ ఎన్నిసార్లు డీఎన్‌ఏలో కలిపి చూసినా ఒక్క కోతా పడలేదు. తెగితే, డీఎన్‌ఏను గీతగా చూపించే జెల్ పలక మీద ఆ గీత పక్కకి జరగాలి. గీత ఉన్నచోటే ఉంది.

మొదట కరెంటును తిట్టాడు. తర్వాత ఫ్రిజ్‌ను. ఆపైన బ్యాక్టీరియాను. చివరికి గైడు జుబేదా మేడం గదిలోకి వెళ్లి, ఇంట్లో మనిషి పోయినట్టు నిలబడ్డాడు.

"ప్రోటీన్ చచ్చిపోయింది మేడం. పారబోసి మళ్లీ మొదట్నుంచి చేస్తాను."

"మరి శనివారం కమిటీకి ఏం చూపిస్తావయ్యా?"

"అదే తెలియడం లేదండీ. ఈసారి కూడా ఏమీ లేదంటే నా ఫెలోషిప్ ఆపేస్తారు."

మేడం టీ గ్లాసు కింద పెట్టారు. "డీఎన్‌ఏ ఏది వాడుతున్నావు?"

కౌండిన్య మొహం వెలిగింది. "అందులో వంక పెట్టలేరండీ. తాజాది. వెలుతురు సోకకుండా ఫాయిల్ చుట్టాను. ఐసులోంచి బయటికి తియ్యను. దాని దగ్గర ఎవర్నీ తుమ్మనివ్వను కూడా."

"మడి కట్టించావన్నమాట. పట్రా."

తెచ్చాడు. మేడం డీఎన్‌ఏ గొట్టాన్ని ఐసు గిన్నెతో సహా అందుకుని డాబా మెట్లెక్కారు. డాబా మీద హాస్టల్ వంటమనిషి ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య గిన్నె పెట్టి, ఫాయిల్ ఊడదీసి, గొట్టం మూత తెరిచారు.

కౌండిన్య గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టబోయాడు. "మేడం! ఎండ!"

"ఉండదా మరి, మార్చి నెల!" అంటూ ఒక గొడుగు అతని చేతికిచ్చి, మేడం వెళ్లి మెట్ల దగ్గర నీడలో కూర్చున్నారు.

మిరప ఘాటుకి కౌండిన్య తుమ్మడం మొదలుపెట్టాడు. ఐసు కోసం ఒక కాకి దిగింది. దాన్ని తోలాడు. అది మరో కాకిని వెంటబెట్టుకొచ్చింది. కాసేపటికి ఇక మనసొప్పక, మెల్లగా గొడుగును గొట్టం మీదికి వంచాడు.

మెట్ల దగ్గర్నుంచి కేక వినిపించింది. "గొడుగు నీకయ్యా! దానికి కాదు!"

ఆ సాయంత్రం జెల్ చూశాడు. ఎండకి పెట్టిన డీఎన్‌ఏ ఒక్కటే ఉన్న గడిలో గీత కదల్లేదు. ప్రోటీన్ కలిపిన గడిలో మాత్రం చక్కగా జరిగింది.

పరుగున మేడం గదికెళ్లాడు. "బతికే ఉంది మేడం! ఇన్నాళ్లూ దానికి..." అని ఆగి, మెల్లగా అన్నాడు. "దానికి నేను పనే పెట్టలేదండీ."

మేడం నవ్వారు. "పోన్లే, శనివారం గట్టెక్కావు. ఇంతకీ థీసిస్ మొదటి అధ్యాయం రాశావట. నాకొక్క పేజీ కూడా చూపించలేదే?"

"ఇంకా తప్పులున్నాయండీ. అన్నీ నేనే దిద్దుకుని, ఒక్క తప్పూ లేకుండా చేసి తెచ్చిస్తాను."

మేడం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అప్పుడు నాకేం పనయ్యా?"