భద్రావతి మడత తలుపులు

అనగనగా ఒక ఊళ్ళో, మగ్గం చప్పుడు వినపడకపోతే కాకులు కూడా ఇంకా తెల్లారలేదనుకునే వీధి ఒకటి ఉండేదిట. ఇదిగో బుజ్జమ్మా, ఊఁ కొట్టకపోతే నేను చెప్పను. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఆ, అలాగ.

ఆ వీధిలో అందరూ నేతవాళ్ళే. సముద్రం పక్క ఊరు కదూ, గాలికీ వానకీ కొదవ లేదు. అక్కడ ఒక ఇంటిని అందరూ మడత తలుపుల ఇల్లు అనేవాళ్ళు. ఎందుకంటే ఆ ఇంట్లో ముందు గదికీ వెనక గదికీ మధ్య గోడ లేదు. గోడ ఉండాల్సిన చోట నాలుగు రెక్కల టేకు తలుపు ఉండేది. ఇటు రెండు రెక్కలు, అటు రెండు రెక్కలు. లాగితే రెక్క మీద రెక్క మడత పడి పక్కకి ఒదిగిపోయేది. అప్పుడు రెండు గదులూ కలిసి ఒక్కటే పొడుగాటి సావిడి అయ్యేది.

అంత పొడుగు సావిడి ఎందుకంటావా? చీర నెయ్యాలంటే ముందు నిలువు దారాలన్నీ వరసగా పేర్చుకోవాలి. దాన్నే పడుగు అంటారు. ఆ పడుగుకి గంజి పట్టించి, బారుగా సాగదీసి, కుంచెతో దువ్వుతూ ఆరబెట్టాలి. ఎండ కాస్తే వీధిలోనే ఆ పని. వాన పడితేనో? తడి గంజితో చుట్టి మూల పడేస్తే దారానికి దారం అతుక్కుని మోకైపోతుంది. ఇంక అది బర్రెని కట్టుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అందుకని వానాకాలం వస్తే వీధి వీధంతా పడుగులు మోసుకుని ఆ ఇంటికే వచ్చేది. తలుపులు మడిచి, ఈ చివరి నుంచి ఆ చివరికి సాగదీసుకుని, ఆరాక ఎవరి పడుగు వాళ్ళు పట్టుకెళ్ళేవారు.

ఆ ఇంటి కోడలు భద్రావతి. మాట తక్కువ, చూపు ఎక్కువ. నేత చాలా బాగా వచ్చు. కానీ ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. అత్తగారు నోరు తెరిచి ఇస్తే తప్ప కోడలు సొంతంగా పడుగు వేసుకోకూడదు. ఎన్నాళ్ళు నేసినా చేతులు కోడలివి, పేరు అత్తగారిది.

భద్రావతి మనసులో ఒక చీర ఉంది. దానిమ్మ గింజ రంగు చీర, అంచుకి చేప పొలుసుల వరస. అన్నం వండుతున్నా అదే, నీళ్ళు తోడుతున్నా అదే. ఆఖరికి ధైర్యం చేసి అత్తగారిని అడిగింది. అత్తగారి పేరు వీరరాఘవమ్మ. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కోడలిని పైనుంచి కిందికి చూసింది.

"సరే, ఒక్క పడుగు నీది," అంది. "అది చెడగొట్టావో, మళ్ళీ నా దగ్గర పడుగు మాట ఎత్తకు."

భద్రావతి నేల మీద నడిస్తే ఒట్టు. నూలు తనే ఎంచుకుంది, రంగు తనే వేసుకుంది, దారాలు తనే పేర్చుకుంది. ఇంక గంజి పెట్టడమే తరువాయి. అప్పుడు వచ్చి పడింది తలుపుల గొడవ.

తొలకరి పడ్డ మర్నాటి నుంచి కుడిచేతి వైపు రెక్కలు కదలడం మానేశాయి. లాగితే కిర్రుమంటాయి, కొంచెం జరిగి గచ్చుని పట్టుకుని కూర్చుంటాయి. తలుపు సగమే తెరుచుకుంటే పడుగు పట్టదు.

మొదట భద్రావతి మొగుడు మార్కండేయులు రంగంలోకి దిగాడు. మంచివాడే పాపం, ఆలోచన కంటే చెయ్యి ముందు. గిన్నెడు ఆముదం తెచ్చి బందులకీ గడప గాడికీ ధారగా పోశాడు. ఒక పూట నున్నగా జరిగింది. నేతవాళ్ళ ఇల్లాయె, గాల్లో ఎప్పుడూ నూలు పీచు ఎగురుతూనే ఉంటుంది. ఆ పీచంతా ఆముదంలో పడింది, గంజి దుమ్ము దాని మీద పడింది. సాయంత్రానికి గాడి నిండా నల్లటి ముద్ద తయారైంది.

ఆ తర్వాత మరిది భావనారాయణ వచ్చాడు. చెక్క వానకి ఉబ్బింది, అంతే, అని తేల్చేశాడు. ఎక్కడినుంచో చిత్రిక అరువు తెచ్చి రెక్క అడుగున బరబరా గీకేశాడు. రెండు రోజులు తలుపు ఆడింది. మూడో రోజున ఆ రెక్క ఇంకాస్త కిందికి దిగి మళ్ళీ గచ్చుని పట్టింది. ఇప్పుడు పైన సందు కూడా పడింది, అందులోంచి పిల్లి చూస్తోంది.

అప్పుడు వీరరాఘవమ్మ స్వయంగా పూనుకుంది. తలుపుకి దిష్టి తగిలిందంది. వీధంతా మన తలుపునే చూస్తుంటే తగలదా మరి, అంది. నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి కట్టింది, ఉప్పు తిప్పి పారేసింది. తలుపు పలకలేదు. ఆవిడకి ఒళ్ళు మండింది. ఎల్లుండి తాపీవాళ్ళు వస్తారు, తలుపులు ఊడబీకి అక్కడ గోడ కట్టించేస్తాను, అని కేకేసి చెప్పింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టండి అన్నాట్ట వెనకటికొకడు!

ఊఁ కొడుతున్నావా, నిద్దరోతున్నావా?

భద్రావతి గుండె జారిపోయింది. గోడ లేస్తే సావిడి పోతుంది. సావిడి పోతే వానాకాలమంతా వీధిలో మగ్గాలు పడుకుంటాయి. తన పడుగు మాట చెప్పనే అక్కర్లేదు. రేపోమాపో గంజి పెట్టాలి, నెత్తిన చూస్తే మబ్బులు. పడుగు చెడితే మళ్ళీ అడగద్దందిగా అత్తగారు. వానకి చెడింది తల్లీ అంటే ఊరుకునే మనిషా ఆవిడ?

అప్పుడు భద్రావతి అత్తగారి దగ్గరికి వెళ్ళి, రేపొక్క రోజు ఆ తలుపు నాకు వదిలెయ్యండి అత్తయ్యా, అని అడిగింది. ముగ్గురి వల్ల కానిది నీ వల్లేం అవుతుందే, అని ఆవిడ తిరగలి తిప్పుకుంటూ ఉండిపోయింది. కాదనలేదు కదా, అదే పదివేలనుకుంది భద్రావతి.

పొద్దున్నే తలుపు ముందు కూర్చుంది. సుత్తి పట్టలేదు, ఉలి పట్టలేదు. ఊరికే చూస్తోంది. మార్కండేయులు రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, ఏం చేస్తున్నావే అని అడిగాడు. చూస్తున్నాను అంది.

ఏం చూస్తోందో తెలుసా? నేతపిల్ల కదా, నేత బుద్ధితోనే చూసింది. నేస్తుంటే బట్ట వంకర పోయిందనుకో, బట్టని కత్తిరిస్తామా? మగ్గంలో ఎక్కడ సడలిందో వెతుక్కుంటాం. తలుపూ అంతే కదా అనుకుంది. కింద గచ్చు మీద చూస్తే రాపిడి గీత రెక్క వెడల్పంతా లేదు, ఒక్క చివర మాత్రమే పడింది. అంటే చెక్క ఉబ్బలేదు, రెక్క ఆ చివరికి వాలిపోయింది. ఎందుకు వాలింది? బల్ల వేసుకుని పైకెక్కింది. ద్వారబంధానికి రెక్కని పట్టి ఉంచే పై బందుని వేలితో నొక్కింది. మరమేకులు పళ్ళూడే పిల్లాడి పళ్ళలాగా కదిలాయి.

మరి అవి ఎందుకు వదులయ్యాయి? బల్ల మీద నిలబడే పక్కకి చూసింది. దొరికింది దొంగ.

ఆ రెక్క నెత్తిన ఒక వెదురు గడ కట్టి ఉంది. వాన రోజుల్లో రంగు వేసిన నూలు చిలపలు, అదే నూలు కట్టలు, ఎండలో వెయ్యలేక, గాలి తగులుతుందని వీరరాఘవమ్మే దాని మీద ఆరేసేది. తడి నూలు ఎంత బరువో నీకేం తెలుసు! అదంతా ఏళ్ళ తరబడి ఆ రెక్కకి వేళ్ళాడింది. ఇంట్లో అందరూ రోజూ ఆ గడ పక్కనుంచే నడిచారు, ఒక్కరికీ తట్టలేదు. తలుపు పట్టుకుని ఊగే వాళ్ళు మనింట్లో కూడా ఒకరున్నారు, పేరు చెప్పనులే.

ఇప్పుడు ఆ మాట అత్తగారితో ఎలా అనడం? భద్రావతి చీర కొంగుతో చేతులు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. ఆ తర్వాత వెళ్ళి నిలబడింది.

"అత్తయ్యా, తలుపుకి తగిలింది దిష్టి కాదు, బరువు."

వీరరాఘవమ్మ తలెత్తి గడ వంక చూసింది. చిలపల వంక చూసింది. కోడలి వంక చూసింది. లేచి వచ్చి, చిలపలన్నీ తన చేత్తోనే దింపి భుజాన వేసుకుని దొడ్లోకి పోయింది. పెద్దమనిషంటే అదమ్మా. తప్పు తెలిసిన వెంటనే దించేసింది.

ఇంక భద్రావతి నడుం బిగించింది. మొగుణ్ణీ మరిదినీ పిలిచి, రెక్క కింద చెక్క దూర్చి సమంగా లేపి పట్టుకోమంది. ఇందాకటి శూరులిద్దరూ నోరు మూసుకుని పట్టుకున్నారు. పాత మరమేకులు తీసేసింది. బెజ్జాలు పెద్దవై బావురుమంటున్నాయి. వెదురు పుల్లలు సన్నగా చెక్కి, చింతగింజల జిగురు పూసి, వాటిలో దూర్చి సుత్తితో కొట్టింది. పైకి మిగిలిన ముక్కలు ఉలితో కోసేసింది. ఆ బిగువులో మరమేకులు మళ్ళీ తిప్పింది. అప్పుడు గాడిలో ముద్దంతా పుల్లతో గోకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచింది. ఆముదం జోలికి పోలేదు. పొడి కొవ్వొత్తి తీసుకుని గాడి వెంట రుద్దింది. దానికైతే పీచు అంటదు కదా.

అంతా అయ్యాక, జిగురు ఆరేదాకా ఎవరూ తలుపు ముట్టుకోవద్దు, నేనూ ముట్టుకోను, అంది. మర్నాడు పొద్దున ఎర్రటి ఎండ కాసింది. ఇదే అదను అనుకుని భద్రావతి తన పడుగు గంజిలో ముంచి వీధిలో సాగదీసింది. తాపీవాళ్ళు కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నారు. వీరరాఘవమ్మ వాళ్ళకి మజ్జిగ ఇచ్చి, ఉండండి, చెప్తాను, అంది.

కుంచె ఇంకా రెండో దువ్వు పూర్తి కాలేదు, సముద్రం మీంచి మబ్బు వచ్చి నెత్తిన నిలబడింది. టప్ అని ఒక చినుకు పడుగు మీద రాలింది. వీధంతా ఒకటే హడావిడి. చుట్టు, చుట్టు అని ఎవరో అరిచారు. చుడితే మోకే కదా!

భద్రావతి ఇంటి వంక చూసింది. జిగురు ఆరిందో లేదో తెలీదు. రెక్క లేచిందో లేదో తెలీదు. దానిమ్మ రంగు పడుగు అటూ ఇటూ కర్రల మీద తడి తడిగా ఊగుతోంది. పడుగు లోపలికి తెండి, అని చెప్పి తను ముందు పరుగెత్తింది. మార్కండేయులు తలుపుని భుజంతో తొయ్యబోయాడు. భద్రావతి చేత్తోనే ఆపింది. రెక్క అంచు మీద తన వేళ్ళు పెట్టి మెల్లగా లాగింది.

కిర్రు లేదు, గీత లేదు. రెక్క జరిగింది. దాని మీదికి రెండోది మడత పడింది. రెండూ కలిసి వెళ్ళి గోడకి ఆనుకుని బుద్ధిగా నిలబడ్డాయి. పొడుగాటి సావిడి నోరు తెరిచింది. వీధి వాళ్ళంతా కర్రలు పట్టుకుని పడుగుతో సహా లోపలికి వచ్చేశారు. బయట కుండపోత, లోపల కుంచె దువ్వు. తాపీవాళ్ళు కూడా చెరో కొసా పట్టుకున్నారు.

పడుగు ఆరేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడు వీరరాఘవమ్మ వచ్చి, పడుగు కింద అరచెయ్యి పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచింది. ఎక్కడైనా ముడి తగులుతుందా, దారం అతుక్కుందా అని వెతికింది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. భద్రావతి అయితే ఆవిడ చేతినే చూస్తోంది. ఆ చివరికి వెళ్ళి ఆవిడ చెయ్యి తీసింది. ఒక్క దారం కూడా అతుక్కోలేదు.

పక్కింటి సుందరమ్మకి నోరు ఊరుకోదు కదా. తలుపు అటూ ఇటూ జరిపి చూసి, పువ్వులాగా ఆడుతోంది వదినా, ఏ ఊరి వడ్రంగిని పిలిపించావు, మా ఇంటికీ పంపు, అంది.

వీరరాఘవమ్మ వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వానలో కూడా ఆ చివరిళ్ళకి వినపడేంత గొంతుతో చెప్పింది.

"వడ్రంగి కాదే, మా కోడలు. తలుపు బాగు చేసిందీ అదే, ఆ పడుగు వేసిందీ అదే. ఇవాళ్టినుంచి ఈ ఇంట్లో దాని పడుగులు దానివి, దాని చీర మీద పేరూ దానిదే. వినపడిందా అందరికీ?"

అందరికీ వినపడింది. భద్రావతికి ముందు వినపడింది. గర్వంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల మాత్రం దించకుండా నిలబడింది.

కథ కంచికి, కండె మగ్గానికి,
రెక్క మడతకి, గడియ తలుపుకి,
మనం మనింటికి, నిద్ర నీ కంటికి.