సుషీ పంక్తిలో మొదటి ముద్ద

నూకరాజు గారికి ప్రశ్నలంటే పడదు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన చేతిలో పని ఆపరు, తల ఎత్తరు, జవాబు అసలే చెప్పరు. అడిగినవాళ్ళు కాసేపు నిలబడి, చెవిటివాడి ముందు శంఖం ఊదామనుకుని పోతారు. అలా పోకుండా నిలబడ్డవాళ్ళకి మాత్రం, ఆయనకి తోచిన రోజున, జవాబు ఏదో ఒక పని రూపంలో వస్తుంది.

మైలపల్లి నూకరాజు గారు విశాఖ తీరంలో వలలు లాగే ఇంట పుట్టారు. పడుచుతనంలో ఓడలో వంటవాడిగా వెళ్ళి, జపాన్‌లో దిగిపోయి, అక్కడొక ముసలి గురువు దగ్గర సుషీ చెయ్యడం నేర్చుకుంటూ సగం జీవితం గడిపారు. ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో, పేరు రాసిన బోర్డు కూడా లేని ఒక మేడ కింద ఆయన హోటలు. హోటలంటే ఒక పొడుగాటి దేవదారు బల్ల, అంతే. బల్లకి ఆ పక్క ఎనిమిది కుర్చీలు, ఈ పక్క ఆయన. మెనూ ఉండదు, ఆయన పెట్టింది తినాలి. ఊళ్ళో ఉన్నవాళ్ళలో ఉన్నవాళ్ళు నెలల ముందు చెప్పుకుని మరీ వచ్చి, పెట్టింది తిని బుద్ధిగా వెళ్తారు.

సుషీ ఎరగనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. వెనిగర్ కలిపిన గోరువెచ్చని అన్నం చిన్న ముద్ద, దాని మీద పల్చటి పచ్చి చేప ముక్క, అంతే సుషీ. మన పులిహోరకి సముద్రం అవతలి చుట్టం అనుకోవచ్చు. చేసిన చేతి వెచ్చదనం అందులో ఉన్నంతసేపే దాని రుచి. ఆ వెచ్చదనం పోయాక మిగిలేది చల్లన్నమూ చేప ముక్కానూ. ఆలస్యం అమృతం విషం అన్న మాట దీనికోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

ఆయనకి ఒక్కతే శిష్యురాలు, ఇందుమతి. పెద్ద హోటల్లో మంచి ఉద్యోగం వదులుకుని, ఇంట్లో అందరి చేతా మాట పడి వచ్చిన పిల్ల. పట్టిన పట్టు వదలదు. అన్నం కడగడం దగ్గర మొదలుపెట్టి, విసనకర్రతో విసురుతూ వెనిగర్ కలపడం, చేప కొయ్యడం, ముద్ద కట్టడం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఆమె కట్టిన ముద్దని గురువు గారు పళ్ళెంలోంచి రెండు వేళ్ళతో ఎత్తి, వెలుతురుకి పెట్టి చూసి, మెల్లగా విరిచి, "ఊఁ" అని పక్కన పెట్టేస్తారు. నోట్లో వేసుకున్న రోజు ఒక్కటీ లేదు. వేసుకున్న రోజున ఆ బల్ల ఇందుమతిది. ఆ సంగతి ఆయన చెప్పకపోయినా ఆమెకి తెలుసు. ఆయన భుజం ఈమధ్య మాట వినడం లేదనీ, బల్ల ఆమెది కాకపోతే హోటలు మూతపడుతుందనీ కూడా తెలుసు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి, పెట్టిన ప్రతి సుషీనీ నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీసుకుని, అది ఎండిపోయాక తిని, ఆహా అన్నారు. వాళ్ళు వెళ్ళాక ఇందుమతి ఉండబట్టలేకపోయింది.

"గురువు గారూ, తినడం రానివాళ్ళకి కూడా మనం ఇంత శ్రద్ధగా పెట్టాలా?"

నూకరాజు గారు కత్తి తుడుస్తున్నారు, తుడుస్తూనే ఉన్నారు. ఆమె కదల్లేదు. "పెట్టిన వెంటనే తినవలెను అని ఒక చెక్క మీద రాసి బల్ల మీద పెడతాను" అంది. కత్తి ఒరలో పెట్టాక ఆయన అన్నారు. "ఆదివారం పెట్టు. ఆదివారం బల్ల నీదే. నాను పక్కన కూకుంటాను."

ఇందుమతికి ఆ రెండు రాత్రులూ నిద్ర పట్టలేదు. ఇది పరీక్షే. ఈసారి గెలిచి తీరాలనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఎనిమిది కుర్చీలూ ఒకే బృందానివి. భీమవరం వైపు నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డ రెండు కుటుంబాలు, కొత్తగా వియ్యమందుతున్నాయి. కాబోయే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ సుషీ అంటే చెవి కోసుకుంటారు కనుక, ఇరువైపుల పెద్దలూ కలిసి భోంచెయ్యడానికి ఈ చోటు కుదిరింది. పెళ్ళికొడుకు తండ్రి సూర్యనారాయణరాజు గారు ఒక కొసన, ఆయన పక్కన వియ్యంకుడు వర్మ గారు, తరవాత తక్కినవాళ్ళు. రెండో కొసన రాజు గారి మేనత్త సుభద్రాయమ్మ గారు. గోదావరి జిల్లాల మర్యాద సంగతి తెలిసినవాళ్ళకి ఇక జరగబోయేది ఊహకి అందుతుంది. ఇందుమతికి అందలేదు.

ఆమె మొదటి ముద్ద కట్టి రాజు గారి ముందు పళ్ళెంలో పెట్టింది. ముద్ద చక్కగా కుదిరింది. రాజు గారు బల్ల మీద చెక్కని చదివారు. "మంచి మాట రాశారమ్మా" అని మెచ్చుకున్నారు. మెచ్చుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"తినండి రాజు గారూ."

"అందరికీ పడనివ్వండమ్మా, తొందరేముంది."

రెండోది వర్మ గారికి, మూడోది ఆయన భార్యకి, అలా ఎనిమిదోది సుభద్రాయమ్మ గారికి చేరేసరికి మొదటి పళ్ళెంలో చేప ముక్క అంచులు ఎండిపోయాయి. అప్పుడైనా తిన్నారా అంటే, లేదు. "కానివ్వండి బావగారూ" అన్నారు రాజు గారు. "అబ్బే, మీరు ముందు" అన్నారు వర్మ గారు. మగపెళ్ళివారు ఎత్తకుండా ఆడపెళ్ళివారు ఎత్తరు, ఆడపెళ్ళివారిని వదిలేసి ఎత్తడానికి మగపెళ్ళివారికి మనసొప్పదు. చివరికి అందరూ ఒక్కసారి నోట్లో వేసుకుని "బాగుందమ్మా" అన్నారు. పెళ్ళింట్లో చల్లారిన ఉప్మాని మెచ్చుకునే గొంతు అది. ఇందుమతికి ఆ గొంతు గుచ్చుకుంది.

రెండోసారి ఆమె స్పష్టంగా చెప్పింది. "ఇది ఆగకూడదండి. పెట్టగానే తింటేనే దీని రుచి."

"అయ్యో, తెలుసమ్మా" అన్నారు రాజు గారు, నొచ్చుకుంటూనే. "కానీ పక్కన వియ్యంకుడి పళ్ళెం ఖాళీగా ఉంటే నా నోట్లోకి ముద్ద ఎలా వెళ్తుంది చెప్పండి?"

వర్మ గారి భార్య పక్కకి వంగి కూతురితో గుసగుసలాడింది. "మనల్ని తొందరగా పంపించేద్దామని చూస్తున్నట్టున్నారే." ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. ఈ చోటు ఎంచుకున్నది తనే మరి.

ఇందుమతి పళ్ళు బిగించింది. వాళ్ళు ఆగితే తనే ఆగకుండా చేస్తుంది. మూడోసారి ఎనిమిది ముద్దలూ ఒక్క ఊపులో కట్టేసి, ఒక్క ఊపులో అందరి ముందూ పెట్టేసింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, వేగం వచ్చింది కానీ ముద్దలు బిర్రబిగిశాయి. అందరూ వాటిని కష్టపడి నమిలి మింగారు. నూకరాజు గారు పక్కన కూర్చున్న పీట మీంచి చెయ్యి చాచి, తొందరలో ఆమె ఎక్కువ కట్టిన ఒక ముద్దని ఎత్తి, విరిచారు. అది విరగడానికి మొరాయించింది. "ఊఁ" అని పక్కన పెట్టేశారు. ఇందుమతికి చెవులు వేడెక్కాయి. చేతులు కడుక్కుని నాలుగో చేప అందుకుంది.

అప్పుడు నూకరాజు గారు లేచారు. భుజాన తడిగుడ్డ వేసుకుని, బల్ల చుట్టూ తిరిగి ఆ పక్కకి వెళ్ళారు. ఒక్కొక్కరి ముందు నుంచీ పళ్ళెం తీసేశారు. ఎనిమిదీ తీసేశారు. చెక్కనీ తీసి పళ్ళేల మీద పెట్టుకున్నారు. బల్ల ఈ కొస నుంచి ఆ కొసకి తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ వచ్చి తన పీట మీద కూర్చుని టీ కప్పు అందుకున్నారు.

"అప్పుడే అయిపోయిందా అండి?" అన్నారు వర్మ గారు బిక్కమొహం వేసి.

ఇందుమతి చేతిలో అప్పటికే ముద్ద కట్టి ఉంది. పెట్టడానికి పళ్ళెం లేదు. తడి బల్ల మీద పెట్టలేదు. గురువు గారి వైపు చూసింది, ఆయన కప్పులోకి చూసుకుంటున్నారు. పళ్ళేలు వెనక్కి ఇమ్మని అడుగుదామని నోరు తెరిచింది. అడిగితే బల్ల మళ్ళీ ఆయనది అయిపోతుంది. మూసేసింది. అరచేతిలో ముద్ద వెచ్చదనం కొద్దికొద్దిగా జారిపోతున్నట్టు తెలుస్తోంది.

ఆమె నిలబడ్డది రెండో కొసన, సుభద్రాయమ్మ గారి ఎదురుగా. ఆ పెద్దావిడ కాసేపు చూసి విసుక్కుంది.

"చేతిలో పట్టుకుని చూస్తావేమే పిల్లా? ఇలా తే." అని అరచెయ్యి చాపింది.

ఇందుమతి ముద్దని ఆ అరచేతిలో పెట్టింది. పెట్టిందో లేదో అది నోట్లోకి వెళ్ళిపోయింది. సుభద్రాయమ్మ గారు నమలడం ఆపి, కళ్ళు పెద్దవి చేసి, మళ్ళీ నమిలింది.

"అత్తా" అన్నారు రాజు గారు, సిగ్గుపడిపోతూ. "బావగారికి ఇంకా పడందే..."

"ఒరేయ్ సూరీ, పళ్ళెంలో పెడితే పంక్తి కోసం ఆగుతాం. చేతిలో పెట్టాక ఆగుతారట్రా ఎవరైనా? మా అమ్మ గిన్నెలో కలిపి, మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని పెట్టేది. నువ్వు ముందు, నువ్వు ముందు అనుకున్నామా? చెయ్యి చాపేవాళ్ళం." అని మళ్ళీ చెయ్యి చాపింది.

ఇందుమతి ఇంకో ముద్ద కట్టింది. పెళ్ళికూతురు తనూ చెయ్యి చాపేసరికి ఆ పిల్లకీ ఒకటి. తరవాత పెళ్ళికొడుకుది, ఆ తరవాత వాళ్ళమ్మది. ఇన్నాళ్ళూ ఆమె పళ్ళేలనే చూసింది, ముద్ద అందులో ఎంత తిన్నగా కూర్చుందో చూసింది. ఇప్పుడు చేతులు కనబడ్డాయి. పెళ్ళికూతురి చెయ్యి చిన్నది, ముద్ద తగ్గించింది. వర్మ గారిది చేట అంత చెయ్యి, కాస్త పెంచింది. ఎడమ చెయ్యి చాపబోయి సర్దుకున్న వాళ్ళావిడకి, కుడిచేతికి అందేలా తనే వంగి పెట్టింది. ఎవరినీ తినండి అని అడగవలసిన పని లేకపోయింది. చివరికి రాజు గారి దాకా వచ్చింది. ఆయన చెయ్యి చాపి, నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకున్నారు. మెచ్చుకోలు మాట ఒక్కటీ రాలేదు. కళ్ళు తెరిచి, వియ్యంకుడి వైపు చూడకుండానే మళ్ళీ చెయ్యి చాపారు.

"మీరేంటండీ బావగారూ, నన్ను వదిలేసి" అన్నారు వర్మ గారు, తనూ చాపుతూ. బల్ల ఆ పక్కంతా నవ్వులు మొదలయ్యాయి. ఇందుమతి మాత్రం నవ్వలేదు. చేతులు వరసగా చాపి ఉన్నాయి, చేప ఇంకా ఉంది, అన్నం ఇంకా వెచ్చగా ఉంది. చాపే చేతులు ఆగేదాకా ఆమె అలా పెడుతూనే ఉంది.

వాళ్ళు వెళ్ళేటప్పటికి ఎండ గుమ్మం దాటి బల్ల కాళ్ళ దాకా వచ్చింది. వెళ్తూ సుభద్రాయమ్మ గారు ఇందుమతి గడ్డం పట్టుకుని ముద్దుచేసింది. ఇందుమతి బల్ల తుడిచింది, కత్తి తుడిచింది. పళ్ళేల దొంతర మీద తన చెక్క కనబడింది.

"గురువు గారూ, మొన్న ఒకటి అడిగాను."

ఆయన కప్పులో మిగిలిన టీ తాగారు.

"ఆ చెక్క రేపు మళ్ళీ పెట్టమంటారా?"

ఆయన కప్పు కింద పెట్టారు. లేచి, బల్ల చుట్టూ మెల్లగా నడిచి ఆ పక్కకి వెళ్ళి, మధ్యాహ్నం రాజు గారు కూర్చున్న కుర్చీలో కూర్చున్నారు. ఆయన ఆ పక్క కూర్చోగా ఇందుమతి ఎన్నడూ చూడలేదు. ఆమెకి ఏం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు చేసే పనే చేసింది. గిన్నె అడుగున మిగిలిన అన్నం చేతిలోకి తీసుకుని, మిగిలిన ఒక్క ముక్క దాని మీద వేసి, ముద్ద కట్టింది. అలవాటు చొప్పున, ఆయన విరిచి చూడడానికి పళ్ళెం కోసం ఎడమ చేత్తో వెతికింది.

నూకరాజు గారు వల తాళ్ళు కోసిన పాత గీతలున్న అరచెయ్యి బల్ల మీదుగా చాపారు.

"పళ్ళెం ఏటికమ్మా? ఆకలేస్తంది."