రాజుగారి గొయ్యి

ఊఁ కొట్టేవాళ్ళకే కథ, ముందే చెప్తున్నా. అనగనగా ఒక ఊళ్ళో ఒక బడి ఉండేదిట. నాలుగు గోడలూ, ఓ బావీ, అంతే. నీడన్నది లేదు. ఎండాకాలం వస్తే పిల్లలు అప్పడాల్లా వేగిపోయేవారు.

ఆ దేశపు రాజుగారికి మొక్కలు నాటడం మహా సరదా. ఏటేటా మేళతాళాలతో వచ్చి, బడి ముందు ఓ కానుగ మొక్క నాటి, చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోయేవాడు. మరి నీళ్ళు పోసేదెవరు? అది కాస్తా ఎండిపోయేది. మళ్ళీ ఏడు అదే గొయ్యి, అదే కానుగ, అవే చప్పట్లు. ఊఁ కొడుతున్నారా? ఏవే సిరీ, కళ్ళు మూతలు పడుతున్నాయే.

ఓ ఏడు రాజుగారికి కోపం వచ్చింది. ఈసారి మొక్క చస్తే బడికి తాళం వేయిస్తానన్నాడు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా. ఆ బళ్ళో చుక్కమ్మని ఓ పిల్ల ఉండేది. బడి మూస్తే దానికి మళ్ళీ గేదెల కాపలాయే. బెంగతో అన్నం సయించలేదు పాపం, నా తల్లికి.

బావి చూస్తే అడుగంటింది. మొక్కకి పోస్తే తాగడానికుండవు. ఓ మధ్యాహ్నం అన్నాలయ్యాక చుక్కమ్మ నీళ్ళ వెనకాలే నడిచింది. చేతులు కడిగిన నీళ్ళు కంచాల నీళ్ళలో కలిశాయి, కంచాల నీళ్ళు గిన్నెలు కడిగిన నీళ్ళలో కలిశాయి, అన్నీ కలిసి గోడ కన్నంలోంచి వీధిలో పడ్డాయి, వీధంతా బురదైంది, ఆ బురదలో హాయిగా పడుకున్నదెవరు? చుక్కమ్మ వాళ్ళ గేదే.

పిల్లలంతా ఆ కన్నం పూడ్చి, కొబ్బరిచిప్పలతో కాలవ తవ్వి, నీళ్ళని మొక్క మొదట్లోకి మళ్ళించారు. రాజుగారి మొక్కకి ఎంగిలి నీళ్ళేమిటర్రా అని పంతులుగారు గోల. మొక్కనే అడగండి, వద్దంటే మానేస్తాం అందిట చుక్కమ్మ.

ఏడాది తిరిగింది. రాజుగారు కొత్త మొక్కతో దిగాడు. చూస్తే గొయ్యేదీ? భుజమెత్తు కానుగ నిలబడి ఉంది. నా గొయ్యేదర్రా అని వెతుక్కుంటున్నాడు, వెర్రిమారాజు. పిల్లలు కాలవ పక్కన ఇంకో గొయ్యి చూపించారు. నాటాడు. చేతులకి మట్టైందని చెంబు తెమ్మన్నాడు.

"ఇక్కడే కడుక్కోండి మారాజా, దానికీ దాహంగా ఉంది" అంది చుక్కమ్మ.

రాజుగారు ఒంగి కడుక్కున్నాడు. అన్నేళ్ళలో ఆయన ఓ మొక్కకి నీళ్ళు పోయడం అదే మొదలు. వెళ్తూ వెళ్తూ, వేద్దామని తెచ్చిన తాళం, చెవితో సహా చుక్కమ్మ చేతిలో పెట్టాడు. బడి నీదే, పొద్దున్నే తియ్యి అన్నాడు.

రేపు మీరు పళ్ళు తోముకుంటూ పంపు వదిలేస్తే ఊరుకోను. కథ కంచి బండెక్కింది, మీరు దుప్పట్లోకి ఎక్కండి.