జీడిపప్పు దండలు

ముంతవలసలో తెలివైనవాళ్ళెవరని అడిగితే, తవిటయ్య ఇంట్లో ముగ్గురూ ఒకేసారి చెయ్యి పైకెత్తేవారు. ముగ్గురంటే తవిటయ్య, అతని తమ్ముడు దాలయ్య, తవిటయ్య పెళ్ళాం పోలమ్మ. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో ఉంది బాబూ తెలివంతా," అనేవాడు తవిటయ్య మీసం దువ్వుకుంటూ. "లోకం ఎందుకు చెడింది? ఒకటి చెబితే ఇంకోటి ఊహించుకోబట్టి. మేం ఊహించం."

నిజమే, ఊహించేవారు కాదు. ఓసారి పోలమ్మ పెరట్లో జీడిపప్పు ఎండబోసి, "వానొస్తే లోపల పెట్టు మరిదీ," అని దాలయ్యతో చెప్పి సంతకి వెళ్ళింది. దాలయ్య ఆకాశంకేసి చూస్తూ కూర్చున్నాడు. ఎదురింటి మేక వచ్చింది. దాలయ్య కదల్లేదు. మేక తీరిగ్గా తిని, చాప అంచు కూడా కొరికి వెళ్ళింది. పోలమ్మ వచ్చి చూసి, "ఏటి మరిదీ, పప్పేది?" అంది. "వాన రాలేదొదినా," అన్నాడు దాలయ్య గర్వంగా. పోలమ్మ ఆలోచించింది. "నిజమే, మేక సంగతి నేను చెప్పలేదు," అని ఒప్పుకుంది. అంతే. ఆ ఇంట్లో దెబ్బలాటలుండేవి కావు. అది మాత్రం వాళ్ళని చూసి నేర్చుకోవలసిందే. నేను నేర్చుకోలేదు, అది వేరే సంగతి.

వాళ్ళకి జీడిపిక్కలు కాల్చి పప్పు తీసే చిన్న బట్టీ ఉండేది. పక్క ఊళ్ళో పెద్ద యంత్రాలొచ్చాక వీళ్ళ పప్పు కొనేవాళ్ళు తగ్గిపోయారు. "ఈ నెలలో మంచి బేరం తగలకపోతే బట్టీ మూసెయ్యడమే. మా తమ్ముడి ఇటుకల దగ్గరికి పనికి పోదాం," అంది పోలమ్మ. తవిటయ్యకి గుండె జారింది. పనికి కాదు, ఆ బామ్మర్దికి. వాడి పేరు గున్నేసు. కనబడితే చాలు, "బావా, ఇటుక ఎత్తమంటే ఎత్తుతావు, దించమని చెప్పడం మర్చిపోతే ఎలా?" అని పదిమందిలో పకపకా నవ్వుతాడు. వాడి కింద పని చెయ్యడంకన్నా ఊరు విడిచిపోవడం మేలనుకున్నాడు తవిటయ్య.

అలాంటి సమయంలో సాంబమూర్తి గారు వచ్చారు. ఆయన మెయిన్ రోడ్డు మీద బార్ పెడుతున్నారు. మా రోజుల్లో తాగేవాడికి ఉడకబెట్టిన సెనగలు దొరికితే మహాభాగ్యం. కాలేజీలో ఉండగా మేం నలుగురం ఒక ఉల్లిపాయ పంచుకున్న సందర్భం ఉంది. సరే, అది అలా ఉంచండి. సాంబమూర్తి గారు విశాఖపట్నంలో ఏదో పెద్ద హోటల్లో బీరుతో పాటు తీపీ ఉప్పూ కలిసిన జీడిపప్పు తిన్నారట. అది తన బార్లోనూ ఉండాలన్నారు.

"జాగ్రత్తగా విను తవిటయ్యా," అన్నారు. "బెల్లం పాకం పట్టి పప్పు అందులో వెయ్యి. వేశాక కలుపుతూనే ఉండాలి, చెయ్యి ఆపకూడదు. తీశాక గింజకి గింజ అంటుకోకూడదు. నోట్లో వేసుకుంటే ముందు తీపి తగలాలి, ఆ వెనక ఉప్పు, చివర్లో కారం. ఒకటి తిన్నవాడు మొత్తం తినేదాకా లేవకూడదు. ఎల్లుండి సాయంత్రం బార్ తెరుస్తున్నాం. బాగుంటే రోజూ మీ దగ్గరే తీసుకుంటా."

"ఒక్క మాట పొల్లు పోదు బాబూ," అన్నాడు తవిటయ్య. అక్కడే వచ్చింది చిక్కు.

బార్ తెరిచే రోజు పొద్దున్నే పాకం పట్టారు. దాలయ్య గరిటె పట్టుకున్నాడు. పప్పు వేశారు, కలిపాడు. బంగారు రంగొచ్చింది, పోలమ్మ పప్పంతా తీసేసింది. దాలయ్య ఖాళీ మూకుడు కలుపుతూనే ఉన్నాడు.

"ఆపొచ్చేమో మరిదీ?"

"ఆపమన్నారా?"

"ఆపకూడదన్నారు."

"మరి?"

ఇంకేముంది, పోలమ్మే అన్నం ముద్దలు చేసి దాలయ్య నోట్లో పెట్టింది. అతను నములుతూ కలుపుతూనే ఉన్నాడు.

ఇక గింజకి గింజ అంటుకోకూడదు కదా. చాప మీద ఒక్కొక్క గింజా జానెడు దూరంలో పేర్చారు. చాప చాల్లేదు. మంచం, పీట, కిటికీ గూడు, బియ్యం డబ్బా మూత, అన్నీ అయిపోయాయి. తవిటయ్య కాలు పెట్టడానికి చోటు లేక ఒంటికాలి మీద నిలబడి ఆలోచించాడు.

"సంచీలో పోస్తే అంటుకుంటాయి. ఎలా తీసుకెళ్దామే?"

పోలమ్మ పూలు కట్టడంలో దిట్ట. జీడిపప్పుకి మధ్యలో ఒంపు ఉంటుంది కదా, దారం ముడి అక్కడ చక్కగా కూర్చుంటుంది. "కనకాంబరాలు కట్టినట్టు కట్టేస్తాను. గింజకీ గింజకీ మధ్య ముడి ఉంటుంది," అంది. తవిటయ్య మురిసిపోయి, "నీలాంటి ఆడది గున్నేసుకి తోడబుట్టిందంటే నమ్మలేమే!" అన్నాడు. దండలు తయారయ్యాయి. ఒక్కోటీ మోకాళ్ళదాకా.

ముందు తీపి, తర్వాత ఉప్పు అన్నారు కాబట్టి పాకంలో ఉప్పు వెయ్యలేదు. ఉప్పొక సంచీ, కారమొక సంచీ. దండలు పోలమ్మ భుజం మీద, సంచీలు తవిటయ్య చేతుల్లో, మూకుడు దాలయ్య ఒళ్ళో. ఆటోలో కూడా గరిటె ఆగలేదు. ఆటోవాడు అద్దంలో చూసి, "ఏటది బాబూ, అందులో ఏమీ లేదుగా?" అన్నాడు. "ఉన్నదాన్ని ఎవరైనా కలుపుతారు," అన్నాడు దాలయ్య.

బార్ దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. ముఖ్య అతిథి కోదండం గారు, లారీ ఓనర్ల సంఘం అధ్యక్షుడు, మడత నలగని తెల్లచొక్కాతో ముందు కుర్చీలో కూర్చున్నారు. సాంబమూర్తి గారు ఎవరితోనో మాట్లాడుతూ, తల తిప్పకుండానే, "దండలొచ్చాయా? ముందు కోదండం గారికి వెయ్యండి!" అన్నారు.

అంతే. ఉన్న దండలన్నీ తవిటయ్య ఆయన మెడలో వేసేశాడు. పెద్దమనిషి ముక్కు మాత్రం పైకి కనబడుతోంది. ఎండాకాలం సాయంత్రం, పాకం కరిగి తెల్లచొక్కా మీద కాలవలు కట్టింది. ఈగలు కూడా ఆహ్వానం అందినట్టే వచ్చాయి.

ఆయన గడ్డం కింద గింజని అలవోకగా కొరికారు. "ఇదేటోయ్, పువ్వు తియ్యగా ఉంది!"

"తీపి తగిలిందా బాబూ?" అన్నాడు తవిటయ్య ఆత్రంగా.

"తగిలింది."

"అయితే నోరు తెరవండి."

పెద్దమనిషి అయోమయంగా నోరు తెరిచారు. గుప్పెడు ఉప్పు పడింది. "ఆఁ!" అన్నారు. నోరు ఇంకా తెరిచే ఉంది కాబట్టి కారం కూడా పడింది.

ఇంకేముంది! కోదండం గారు కుర్చీలోంచి బాణంలా లేచారు. మొత్తం తినేదాకా లేవకూడదు కదా. తవిటయ్య రెండు భుజాలూ పట్టుకుని కుర్చీలో కుదేశాడు. లేచారు, మళ్ళీ కుదేశాడు. "దాలిగా, పట్టుకోరా!" అని అరిచాడు. "చెయ్యి ఖాళీ లేదన్నయ్యా!" అన్నాడు దాలయ్య గరగరా కలుపుతూ. పోలమ్మ వచ్చి పెద్దమనిషి ఒళ్ళో కూర్చోబోయి, మర్యాద కాదని ఆగి, కాళ్ళు పట్టుకుంది. "నా పెళ్ళాం మీ కాళ్ళు పట్టుకుంది బాబూ, మీ మెడలో ఉన్నవన్నీ తినెయ్యండి!" అని తవిటయ్య బతిమాలాడు. అతని కళ్ళలోనూ నీళ్ళే. అతనికి అక్కడ కోదండం గారు కనబడటం లేదు, ఇటుకల మధ్య నడుం మీద చేతులేసుకుని నవ్వుతున్న గున్నేసు కనబడుతున్నాడు.

సాంబమూర్తి గారు కుర్చీ ఒకటి పైకెత్తి తవిటయ్య మీదికి పరుగెత్తుకొచ్చారు. ఈలోగా కోదండం గారి చేతికి చల్లటి బీరు గ్లాసు అందింది. గటగటా తాగారు. ఆగారు. జనమంతా ఆగారు, గరిటె ఒక్కటి తప్ప. ఆయన నాలుక చప్పరించారు. మెడలోంచి ఇంకో గింజ కొరికారు. ఇంకోటి.

"సాంబమూర్తీ," అన్నారు ముక్కు తుడుచుకుంటూ, "తీపీ, ఉప్పూ, కారం, పైన ఈ చల్లటిదీ... నా జన్మలో ఇంత రుచి ఎరగనయ్యా. ఆ కుర్చీ కింద పెట్టి ఇంకో గ్లాసు తెప్పించు."

మెడలోవన్నీ దారంతో సహా లాగించారు. మిగతావాళ్ళు ఆయన చొక్కాకి అంటుకున్నవి గిల్లుకుని తిన్నారు. సాంబమూర్తి గారు కుర్చీ దించి, అందులోనే కూలబడ్డారు.

"బేరం నీదే తవిటయ్యా. ఇకనుంచి ఉప్పూకారం పాకంలోనే కలిపి, పళ్ళెంలో పెట్టి తే. దాలయ్యా, నీకు దణ్ణం, ఇక ఆపరా. ఒక్కటే షరతు. ఇది చేసే విధానం ఈ ఊళ్ళో ఒక్కరికి కూడా తెలియకూడదు. తెలిసిందా, ఆ రోజే బేరం రద్దు."

ఇంటికి వెళుతుంటే తవిటయ్యకి ఆనందం పట్టలేదు. దాలయ్య మాత్రం ఖాళీ అయిన చేతిని ఏం చెయ్యాలో తెలియక ఊపుకుంటూ నడిచాడు. సగం దారిలో ఆగి, "అన్నయ్యా, మనది ఏ ఊరు?" అన్నాడు.

"ఈ ఊరే."

"మరి మనకీ తెలియకూడదుగా?"

తవిటయ్యకి చెమట పట్టింది. ఎంత ప్రమాదం తప్పింది! ఆ తమ్ముడే లేకపోతే ఏమయ్యేది? "రేపట్నుంచి ముగ్గురం కళ్ళకి గుడ్డలు కట్టుకుని చేద్దాం. చూడకపోతే ఎలా తెలుస్తుంది?" అన్నాడు. పోలమ్మ మొగుడి కేసి భక్తిగా చూసింది.

తెల్లారింది. కళ్ళకి తువ్వాళ్ళు కట్టుకున్నారు. కట్టుకోగానే ఇంట్లో మరీ చీకటిగా అనిపించింది. "వీధిలో వెలుతురు బాగుంటుంది," అంది పోలమ్మ. అంతే, పొయ్యి, మూకుడు, డబ్బాలు అన్నీ తెచ్చి వీధి మధ్యలో పెట్టుకున్నారు. కనబడదు కాబట్టి ఒకరికొకరు గట్టిగా చెప్పుకోవాలి కదా.

"బెల్లం ఎంత వెయ్యనొదినా?"

"తవ్వెడు! నీళ్ళు బెల్లం తడిసీ తడవనట్టు!"

"ఉప్పెప్పుడే?"

"తీగపాకం వచ్చాక! కారం దించేముందు! రెండు చుక్కల నిమ్మరసం మర్చిపోకు!"

వీధంతా గుమిగూడింది. ఆడవాళ్ళు చంటిపిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. బి.ఏ. చదివిన నేను రెండో వరసలో నిలబడి, మెడ నిక్కించి, ఎసట్లో ఉన్న నా అన్నం సంగతి మర్చిపోయాను. ఆ మధ్యాహ్నం మా ఇంట్లోంచి అన్నం మాడిన వాసన, వీధిలో ప్రతి ఇంట్లోంచీ జీడిపప్పు పాకం వాసన.

జనం ఇంకా కదలకముందే అక్కడ ఒక స్కూటరు ఆగింది. సాంబమూర్తి గారు దిగారు. పొయ్యిని చూశారు, జనాన్ని చూశారు, మూడు తువ్వాళ్ళనీ చూశారు.

"తవిటయ్యా, ఏటిరా ఇది?"

తవిటయ్య తువ్వాలు గట్టిగా బిగించుకుని, గొంతు తగ్గించి అన్నాడు: "ఎవరో గానీ మెల్లగా మాట్లాడు బాబూ, ఇది రహస్యం. సాంబమూర్తి గారి చెవిన పడిందంటే మా బేరం పోతుంది. వచ్చినవాడివి ఎలాగూ వచ్చావు, ఓ గింజ నోట్లో వేసుకుని ఉప్పు సరిపోయిందో లేదో చెప్పి వెళ్ళు."