తిరుపతమ్మ ఇంట్లో కరగని మంచు

అనగా అనగా సీతాఫలం గుట్టల కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక ఇల్లు. ఆ ఇంట్లో మనుషులు ముగ్గురు, నిలువెత్తు ఫ్రీజరు ఒకటి.

ఇంటికి పెద్ద తిరుపతమ్మ. ఆమె కొడుకు జంగయ్య. కోడలు కళావతి.

వానలు వెనకబట్టగానే గుట్ట మీద సీతాఫలాలు పండేవి. పండిన పండు ఎన్నో రోజులు ఆగదు. అందుకని ముగ్గురూ కూర్చుని గింజలు తీసి, గుజ్జును డబ్బాలకెత్తి, ఫ్రీజరులో గడ్డకట్టించేవారు. ఎండాకాలం రాగానే పట్నం నుంచి ఐస్‌క్రీం చేసేవాళ్ళు వచ్చి కొనుక్కుపోయేవారు. ఏడాది పొడుగునా ఆ ఇంటి తిండీ బట్టా ఆ డబ్బాల్లోంచే రావాలి.

తిరుపతమ్మ మనసు మంచిదే. నోరు మాత్రం గట్టిది. గ్లాసు పగిలితే చాలు, "ఎవరు పలగ్గొట్టిండ్రు?" అని పొద్దుగూకేదాకా అడిగేది. అందుకని ఆ ఇంట్లో గ్లాసులు వాటంతట అవే పగిలేవి. పాలు వాటంతట అవే పొంగేవి. ఎవరూ ఏమీ చేసేవారు కాదు.

ఆ ఫ్రీజరు తన మంచును తానే కరిగించుకునే రకం. అప్పుడప్పుడు లోపల సన్నగా వేడి పుట్టి, గోడకు పట్టిన మంచు కరిగేది. ఆ నీళ్ళు అడుగున ఉన్న చిన్న రంధ్రంలోంచి దిగి, వెనక ఉన్న పళ్ళెంలో పడి ఆరిపోయేవి.

ఒకనాడు ఒక డబ్బా మూత ఊడింది. తీపి నీళ్ళు పళ్ళెంలోకి దిగాయి. వంటింట్లో చీమలు బారులు కట్టాయి. తిరుపతమ్మ ఫ్రీజరు తలుపు తెరిచి వంగి చూసింది. లోపల రంధ్రం కనబడింది. "ఇదేనా కారేది!" అనుకుని పాత చీర పేలిక చించి అందులో కుక్కింది. చీమలు పోయాయి. ఇంత చిన్న పని ఎవరికి చెప్పాలి? ఆమె చెప్పలేదు.

కొన్నాళ్ళకు ఫ్రీజరు అడుగున మంచు పేరుకుంది. కింది అర కరుచుకుపోయింది. అత్త పొలానికి పోయిన వేళ కళావతి కత్తి తెచ్చి మంచు గీకింది. కత్తి జారి వెనక గోడ మీద పొడుగాటి గీత పడింది. గీతకు అడ్డంగా రెండు డబ్బాలు పెట్టి తలుపు మూసింది. ఆమె కూడా చెప్పలేదు.

మంచు గోడెక్కింది. చల్లగాలి ఆడక పై అరలో గుజ్జు మెత్తబడింది. జంగయ్య అది చూసి, చల్లదనం మీటను చివరిదాకా తిప్పాడు. మంచు ఇంకా పెరిగింది. లోపల ఫ్యాను మంచుకు తగిలి గరగరలాడింది. అతను చల్లగా బయటికి జారుకున్నాడు. అతనూ చెప్పలేదు.

ఆఖరికి ఫ్రీజరు తలుపు తెరిస్తే డబ్బాల వెనకంతా మంచుగోడే కనబడే రోజు వచ్చింది. పక్క ఊరి నుంచి ఖలీల్ అనే మెకానిక్‌ను పిలిపించారు.

ఖలీల్ తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగి చూశాడు. కాగితం రాలేదు. తలుపు బిగువుగానే ఉంది, బయటి గాలి లోపలికి పోవడం లేదు. అప్పుడు అడిగాడు.

"ఎవరన్నా దీన్ని ముట్టిండ్రా?"

"నేను ముట్టలే" అంది తిరుపతమ్మ.

"నేను ముట్టలే" అన్నాడు జంగయ్య.

కళావతి తల అడ్డంగా ఊపింది.

"ఎవ్వరు ముట్టకపోతే లోపల చల్లబరిచే గ్యాసన్నా పోవాలె, మంచు కరిగించే హీటరన్నా కాలాలె. దుకాణానికి తీస్కపోయి మొత్తం విప్పుత. వారమైనా పడ్తది."

"మరి గుజ్జు?" అంది కళావతి.

"గుజ్జు ఆగదు చెల్లె."

ఫ్రీజరును తీసుకుపోయే ట్రాలీ ఆటో వాకిట్లోకి వచ్చింది. ఖలీల్ తాళ్ళు విప్పుతున్నాడు. కళావతికి గింజలు తీసిన రోజులన్నీ కళ్ళముందు కదిలాయి. ఆమె ముందుకు వచ్చింది.

"అన్నా, నేను ముట్టిన. కత్తితోని మంచు గీకిన. గోడకు గాటు వడ్డది."

ఖలీల్ లోపలికి వచ్చి, డబ్బాలు జరిపి, వేడినీళ్ళ గుడ్డతో ఆ చోట మంచు కరిగించి, గాటును వేలితో తడిమాడు. "పైపైనే పడ్డది. గ్యాసు పోలే. చెప్పి మంచిపని చేసినవ్. లేకుంటే నేను ఊరికే గ్యాసు కోసం వెతుకుతుంటి."

జంగయ్య గొంతు సవరించుకున్నాడు. "మీట నేనే తిప్పిన అన్నా."

తిరుపతమ్మ భగ్గుమంది. "మీ ఇద్దరు గలిసి కొంప ముంచిండ్రు గదరా! పెద్దదాన్ని, నన్నొక్క మాట అడిగిండ్రా?"

కళావతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఖలీల్ మాత్రం నేల మీద పడుకుని ఫ్రీజరు వెనక చెయ్యి పెట్టాడు.

"గాటుతోని, మీటతోని ఇంత మంచు పట్టదు. ఈ పళ్ళెం చూడుండ్రి, దుమ్ము పట్టింది. మంచు కరుగుతుంటే నీళ్ళు ఈడికి రావాలె. ఆ నీళ్ళు ఎటు పోతున్నయ్?"

తిరుపతమ్మ తిట్లు ఆపి, వంగి పళ్ళేన్ని చూసింది.

నీళ్ళు ఎటూ పోవడం లేదు. లోపలే నిలిచి మళ్ళీ గడ్డకడుతున్నాయి. అలా ఎందుకవుతోందో ఆ ఇంట్లో ఆమె ఒక్కతెకే తెలుసు. పేలిక మంచు కింద ఉంది. ఆమె నోరు మెదపకపోతే తప్పు కోడలి మీదే ఉండిపోతుంది. ఎవరూ ఆమెను అనుమానించరు.

ఆమె కోడలి వంక చూసింది. ఆటో వంక చూసింది.

"నాయనా ఖలీలూ" అంది మెల్లగా, "చీమలొస్తున్నయని ఆ రంధ్రంల నేనే పేలిక గుక్కిన. వీళ్ళ తప్పు కాదు."

కళావతి కళ్ళ మీది కొంగు తీసి అత్త వంక చూసింది.

ఖలీల్ ఆటోను పంపేశాడు. చేపలమ్మే ఇంటి నుంచి థర్మకోల్ పెట్టెలు తెచ్చి, గట్టిగా ఉన్న డబ్బాలను ఐసులో పెట్టారు. కరెంటు ఆపి తలుపు బార్లా తెరిచారు. ఎవరూ కత్తి ముట్టలేదు. మంచు దానంతట అది కరిగింది. పేలిక బయటపడింది. ఖలీల్ గోరువెచ్చని నీళ్ళు పోయగానే అవి పళ్ళెంలోకి దిగాయి. మీటను నడిమికి తిప్పి కరెంటు పెట్టాడు.

పై అర గుజ్జు మాత్రం దక్కలేదు. పులిసిన ఆ డబ్బాలను తిరుపతమ్మే మోసుకుపోయి పెంటలో పోసింది. మిగిలినదంతా నిలిచింది. ఎండాకాలంలో అమ్ముడుపోయింది.

ఫ్రీజరు బాగైన మరునాడు పొద్దున కళావతి వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది.

"అత్తమ్మా, ఉప్పుజాడీ నా చేతిలకెల్లి జారి పలిగింది."

తిరుపతమ్మ నోటిదాకా వచ్చిన మాటను మింగింది. "కాలికి గుచ్చుకున్నదా?" అని అడిగి, చీపురు అందుకుంది.

చేసింది దాచితే ఎక్కడ చెడిందో దొరకదు. చేసింది చెప్పుకున్న ఇంట్లో, చెప్పనిచ్చిన ఇంట్లోనే చెడింది బాగవుతుంది.