బతికున్న తవిటమ్మ

పాలకొండలో ఒక బ్యాంకులో దాలినాయుడు అని ఒక గుమస్తా ఉండేవాడు. ఎవరు ఏ పని చెప్పినా "చేసేద్దామండీ" అనడం తప్ప అతనికి ఇంకో మాట వచ్చేది కాదు.

ముందు ఒక కౌంటరే చూసేవాడు. పక్క సీటు ఆయన బదిలీ అయిపోతే ఆ పని కూడా నెత్తినేసుకున్నాడు. పెన్షన్లు చూసే ఆవిడ రిటైరయితే అదీ పుచ్చుకున్నాడు. ఇక మనిషికి తిండి లేదు, నిద్ర లేదు. క్యారేజీ ఎలా వెళ్ళిందో అలాగే ఇంటికి వచ్చేసేది. ఒకరోజు భార్య మంగ అన్నం గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడితే, తల ఎత్తకుండా "టోకెన్ నంబరెంతమ్మా?" అన్నాడు!

"ఒకటి. రెండో నంబరు కూడా ఉందేటి?" అంది మంగ.

నవంబరు వచ్చింది. పెన్షన్ తీసుకునే ముసలివాళ్ళంతా బ్యాంకుకొచ్చి, మేం బతికే ఉన్నామని కాగితం ఇవ్వాలి. బడిలో ఆయాగా చేసి రిటైరయిన బోను తవిటమ్మ కూడా వచ్చి వేలిముద్ర వేసి వెళ్ళింది. అదే రోజు ఇంకో బోను తవిటమ్మ చనిపోయిందని ఆవిడ కొడుకు కాగితం తెచ్చాడు. రెండూ ఒకే కట్టలో పడ్డాయి. దాలినాయుడికి కళ్ళు మండుతున్నాయి, మేనేజరు మేడం పిలుస్తోంది, ఫోను మోగుతోంది. టకటకా కంప్యూటర్లో కొట్టేశాడు. బతికున్నావిడని చనిపోయిందని రాసేశాడు!

డిసెంబరు ఒకటిన బ్యాంకు కిటకిటలాడుతోంది. తవిటమ్మ కౌంటరు దగ్గరికొచ్చింది.

"నా పింఛను పళ్ళేదేటి బాబూ?"

దాలినాయుడు పేరు చూసి, "తవిటమ్మగారు చనిపోయారమ్మా. ఆవిడకి మీరేమవుతారు?" అన్నాడు.

"నేనే తవిటమ్మనిరా! నాకు తెలీకుండా నేనెప్పుడు సచ్చాను?"

జనం గొల్లుమన్నారు. వెనకనుంచి ఎవరో "పక్కకి జరుగు మామ్మా, మాకు పనులున్నాయి" అన్నాడు.

"సచ్చినోళ్ళు ఎక్కడికి జరుగుతార్రా!" అని అక్కడే చతికిలబడింది. అంతలోనే ఖాళీ మాత్రల అట్ట తీసి చూపించింది. "గుండె మాత్రలు అయిపోయి రెండ్రోజులయింది బాబూ. ఈ డబ్బుల కోసమే చూస్తన్నాను."

ఆ రోజు ఇద్దరి కాగితాలూ తారుమారు చేసింది తనేనని దాలినాయుడికి అప్పుడు తెలిసింది. జేబులోంచి డబ్బు తీసి ఇవ్వబోయాడు.

"నీ దానం నాకెందుకు? ముందు నన్ను బతికించు!" అంది తవిటమ్మ.

ఆవిడ వేలిముద్ర కాగితం జతచేసి, తప్పు సరిచెయ్యమని ఉత్తరం నాలుగింటిలోగా పై ఆఫీసుకి పంపాలి. లేదంటే ఇంకో నెల దాకా పెన్షన్ లేదు. అప్పుడే మూడయింది. సరిగ్గా అప్పుడే మేనేజరు రాజ్యలక్ష్మి మేడం కేకేసింది.

"దాలినాయుడూ, లోన్ల లిస్టు నాలుగింటికల్లా పంపెయ్యాలి!"

"చేసే..." అన్నాడు. కింద కూర్చున్న తవిటమ్మని చూశాడు. లేచి నిలబడ్డాడు.

"నావల్ల కాదు మేడం! ముగ్గురి పని ఒక్కణ్ణే చేస్తున్నాను. బుర్ర పనిచెయ్యక బతికున్న మనిషిని చంపేశాను. ముందు ఈవిడ పని చేస్తాను. తర్వాత నన్నేం చేసినా సరే!"

"ఈ ముక్క ముందే చెబితే ఇంకో మనిషిని అడిగేదాన్ని కదయ్యా! అయినా నీ మొహం చూసైనా నేను తెలుసుకోవాల్సింది" అని, మేడమే వచ్చి కౌంటర్లో కూర్చుంది.

దాలినాయుడు కట్టలన్నీ విప్పాడు. ఒకటి, రెండు, అయిదు... ఏడో కట్టలో వేలిముద్ర కాగితం దొరికింది! గబగబా ఉత్తరం కొట్టాడు. మేడం సంతకం పెట్టింది. నాలుగవడానికి అయిదు నిమిషాలుందనగా పంపేశాడు. అందరూ ఫోను వంకే చూస్తున్నారు. మోగింది! "సరిచేశాం. సాయంత్రానికి డబ్బులు పడతాయి" అన్నారు అవతల.

"మామ్మ బతికేసిందిరోయ్!" అని ఎవరో అరిచారు. బ్యాంకంతా చప్పట్లు!

తప్పు చేసినందుకు దాలినాయుడికి మెమో వచ్చింది. నెల తిరక్కుండా ఇంకో గుమస్తా కూడా వచ్చాడు.

అందుకే, మోయలేని పని మీద పడితే మోయలేనని నోరు విప్పి చెప్పాలి; చెప్పకపోతే ఆ బరువు మన ఒక్కరి మీదే కాదు, ఏ పాపం తెలియని మనిషి మీద కూడా పడుతుంది.